అక్షింతల పురుగులు: అనంతగిరి, కోదాడ ప్రాంతపు పెరళ్లలో వాటి గుర్తింపు

అక్షింతల పురుగులు పెంకు పురుగుల వర్గానికి చెందిన చిన్న కీటకాలు. వీపు బోర్లించిన గిన్నెలా ఉబ్బి, అడుగు చదునుగా ఉంటుంది. శాస్త్రజ్ఞులు వీటి కుటుంబాన్ని కాక్సినెల్లిడే అంటారు. ప్రపంచం మొత్తం మీద ఈ కుటుంబంలో 6,000కు పైగా జాతులున్నాయి. వాటిలో ఎక్కువ భాగం పేనుబంక, పిండినల్లి, పొలుసు పురుగు, తెల్లదోమ, ఎర్రనల్లి వంటి రసం పీల్చే పురుగులను తిని బతుకుతాయి. కొన్ని జాతులు ఆకుల మీది బూడిద తెగులు శిలీంధ్రాన్ని తింటాయి. ఒక్క శాఖ మాత్రం ఆకులనే తిని పంటకు చేటు చేస్తుంది.

ఎర్రటి వీపు మీద నల్ల చుక్కలున్న పెద్ద పురుగును చిన్నపిల్లలు కూడా గుర్తుపడతారు. దాని గుడ్డు, పిల్ల, కోశం మాత్రం చాలామందికి తెలియవు. తల్లిని చూసి మురిసిన మనిషే పిల్లను చూసి తెగులు పురుగనుకుని నలిపేయడం, మందు కొట్టడం మన పెరళ్లలో రోజూ జరిగేదే. అందుకే ఈ పురుగును గుర్తించడమంటే దాని నాలుగు దశలనూ గుర్తించడం, అది ఏ మొక్క మీద ఏం తింటోందో గమనించడం. మందు కొట్టాలా వద్దా అన్న నిర్ణయం ఈ గుర్తింపు మీదే ఆధారపడుతుంది.

ప్రాంతం, పంటలు

అనంతగిరి పేరుతో వికారాబాద్ దగ్గర కొండలున్నాయి, అల్లూరి సీతారామరాజు జిల్లాలో మన్యం మండలమూ ఉంది. ఈ వ్యాసంలోని అనంతగిరి సూర్యాపేట జిల్లాలో, కోదాడకు చేరువలో, ఖమ్మం జిల్లా వైపున్న మండలం. 2016 అక్టోబరు 11న పాత నల్గొండ జిల్లా నుంచి సూర్యాపేట జిల్లా విడివడింది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలను తడుపుతూ ఖమ్మం వైపు సాగుతుంది. కాలువ నీరందే చోట వానాకాలం, యాసంగి రెండింటిలోనూ వరి పండుతుంది. మెట్ట మీద పత్తి, మిరప, కంది, పెసర కనిపిస్తాయి. ఉమ్మడి నల్గొండ జిల్లా బత్తాయి తోటలకు పేరు పొందింది.

ఇళ్ల పెరళ్లలో వంగ, బెండ, చిక్కుడు, బీర, కాకర, గుమ్మడి, గోంగూర, కరివేపాకు, జామ, నిమ్మ, మందార, గన్నేరు మామూలుగా ఉంటాయి. పెరటి గోడ దాటితే జిల్లేడు, తుత్తురబెండ, వయ్యారిభామ. ఈ మొక్కల్లో ఏదో ఒకదాని మీద ఏడాది పొడుగునా పేనుబంకో పిండినల్లో ఉంటుంది. కాబట్టి అక్షింతల పురుగుకూ ఏడాది పొడుగునా తిండి దొరుకుతుంది. పత్తి చేను పీకేశాక అది చిక్కుడు పందిరికి, చిక్కుడు ఎండిపోయాక జిల్లేడు మీదికి, మళ్లీ తొలకరికి మొలిచిన పైరుకు తరలుతుంది. పెరడు, పొలం, గట్టు దానికి వేరువేరు కావు.

శరీర లక్షణాలు

మన ప్రాంతంలో కనిపించే జాతుల్లో చాలావాటి పొడవు 2 నుంచి 7 మిల్లీమీటర్ల లోపే. వీపు మీద కనిపించే రంగు పెంకు నిజానికి ముందు రెక్కల జత. ఎగిరే సమయంలో ఆ రెండు పెంకులూ పక్కలకు లేస్తాయి. వాటి కింద మడతపెట్టి ఉన్న పల్చటి వెనక రెక్కలు విచ్చుకుంటాయి. ఎగిరేది వాటితోనే.

గుర్తింపుకు మూడు భాగాలు ముఖ్యం. మొదటిది పెంకు రెక్కల మీది గుర్తులు: చుక్కలా, చారలా, అలల్లాంటి గీతలా? రెండోది తలకూ రెక్కలకూ నడుమ ఉండే మెడ పలక. దాని రంగు, దాని మీది మచ్చల తీరు చాలా జాతుల్లో రెక్కల చుక్కల కన్నా నమ్మదగిన ఆనవాలు. మూడోది పైపొర: నున్నగా మెరుస్తోందా, సన్నని నూగుతో మసకగా ఉందా?

తలకు ఇరువైపులా పొట్టి మీసాలుంటాయి. వాటి కొసలు కాస్త లావెక్కి ఉంటాయి. భూతద్దం ఉంటే పాదం కూడా చూడవచ్చు. పాదంలో నాలుగు కణుపులున్నా మూడోది బాగా చిన్నదై రెండోదాని మడతలో దాగి ఉండటం వల్ల మూడే ఉన్నట్టు కనిపిస్తాయి. ఆకులు తినే ఇతర పెంకు పురుగుల నుంచి అక్షింతల పురుగును వేరు చేసే పాత గుర్తు ఇది.

చుక్కలు పురుగు వయసును చెబుతాయన్న నమ్మకం నిజం కాదు. కోశం నుంచి బయటపడిన రోజున వచ్చిన గుర్తులే చచ్చేదాకా ఉంటాయి. రంగు మాత్రం తొలిరోజుల్లో పాలిపోయి ఉండి క్రమంగా ముదురుతుంది.

నాలుగు దశలు

గుడ్లు పసుపు రంగులో, కదురు ఆకారంలో ఉంటాయి. తల్లి వాటిని ఆకు అడుగున, పేనుబంక గుంపుకు దగ్గరలో, పది నుంచి నలభై దాకా ఒకచోట నిలువుగా నిలబెట్టినట్టు పెడుతుంది. మన వేడికి రెండు నుంచి నాలుగు రోజుల్లో పొదుగుతాయి. పొదిగిన పిల్లలు మొదట తమ గుడ్డు పెంకులను, పొదగని పక్క గుడ్లను కూడా తింటాయి.

పిల్ల పురుగుకు తల్లి పోలిక ఏమాత్రం ఉండదు. పొడవుగా, వెనక వైపు సన్నబడుతూ, నల్లగానో బూడిద రంగులోనో ఉండి, వీపు మీద తెలుపు, పసుపు, నారింజ మచ్చలు, చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి. ఆరు కాళ్లూ ముందు భాగంలోనే ఉంటాయి. చాలా చురుకైనది, ఆకు అంచు వెంట తల అటూ ఇటూ ఆడిస్తూ వెతుకుతుంది. పేను తగలగానే కోరలతో పట్టి ఆకు మీంచి పైకెత్తుతుంది. లేత పిల్ల పేనును ఒక్కసారిగా మింగలేదు. దాని ఒంట్లో తన జీర్ణరసం వదిలి, కరిగిన రసాన్ని పీల్చుకుంటుంది. చివరికి ముడతలు పడ్డ తోలు ఆకు మీద పడుతుంది. చిక్కుడు తీగ మీద అలాంటి ఖాళీ తోళ్లు కనిపిస్తే, పురుగు కంట పడకపోయినా అక్కడ వేటగాడు తిరుగుతున్నాడని అనుకోవచ్చు. పిల్ల మూడుసార్లు కుబుసం విడిచి నాలుగు వయసులు దాటుతుంది. నాలుగో వయసులో తినేది మిగిలిన మూడు వయసుల్లో తిన్నదాని కన్నా ఎక్కువ. ఒక్కో పిల్ల ఎదిగేలోపు వందల పేలను తింటుంది.

ఎదిగిన పిల్ల ఆకుకో కొమ్మకో తోక కొసను అంటించుకుని, వంగి, కోశంగా మారుతుంది. దాని చుట్టూ పట్టు గూడు ఉండదు. నారింజ లేదా గోధుమ రంగు మీద నల్ల మచ్చలుండే ఈ కోశాన్ని చాలామంది ఆకుకు పట్టిన తెగులు కాయ అనుకుంటారు. పుల్లతో మెల్లగా తాకితే టక్కున పైకి లేచి మళ్లీ వాలుతుంది. మూడు నుంచి ఐదు రోజుల్లో తల వైపు చీలి, పెద్ద పురుగు బయటికి వస్తుంది. అప్పుడది మెత్తగా, పాలిపోయిన పసుపు రంగులో, చుక్కలు లేకుండా ఉంటుంది. గంటల వ్యవధిలో పెంకు గట్టిపడి గుర్తులు తేలతాయి. గుడ్డు నుంచి పెద్ద పురుగు దాకా ఇక్కడి సాధారణ జాతులకు వేడి రోజుల్లో సుమారు రెండు మూడు వారాలు పడుతుంది.

ఈ ప్రాంతంలో కనిపించే ప్రధాన జాతులు

అలల గీతల అక్షింతల పురుగు. శాస్త్రీయ నామం కైలోమెనిస్ సెక్స్‌మాకులాటా. పాత వ్యవసాయ పుస్తకాల్లో మెనోకైలస్ పేరుతో కనిపిస్తుంది. పసుపు, నారింజ, గులాబీ ఎరుపు రంగుల్లో ఉండి, రెక్కల మీద నల్లని వంకర గీతలు అడ్డంగా సాగుతాయి. రెక్కలు కలిసే చోట నిలువు నల్ల గీత ఉంటుంది. మన వైపు చిక్కుడు, బొబ్బర, పత్తి, జొన్న, జిల్లేడు మీద మొదట వెతకవలసింది దీన్నే. గీతలు ఒక్కో పురుగులో ఒక్కోలా ఉంటాయి. కొన్నింటిలో లావై నలుపే ఎక్కువగా కనిపిస్తుంది, కొన్నింటిలో చాలా సన్నగా ఉంటాయి. రెండు పురుగులు తేడాగా ఉన్నంత మాత్రాన రెండు జాతులని తేల్చకూడదు.

అడ్డపట్టీల అక్షింతల పురుగు. శాస్త్రీయ నామం కాక్సినెల్లా ట్రాన్స్‌వర్సాలిస్. ముదురు నారింజ లేదా ఎరుపు మీద లావైన నల్ల పట్టీలుంటాయి. మొదటి జాతితో పొరబడేది ఎక్కువగా దీన్నే. తేడా మెడ పలకలో తెలుస్తుంది: దీని మెడ పలక నల్లగా ఉండి, ముందు మూలల్లో మాత్రం నారింజ మచ్చలుంటాయి. అలల గీతల పురుగు మెడ పలకలో లేత రంగు భాగం చాలా ఎక్కువ.

ఏడు చుక్కల అక్షింతల పురుగు. శాస్త్రీయ నామం కాక్సినెల్లా సెప్టెంపంక్టాటా. పాఠ్యపుస్తకాల బొమ్మల్లో, పిల్లల బొమ్మల పుస్తకాల్లో ఉండేది ఇదే. ఉత్తర భారతపు ఆవ, గోధుమ చేలలో దీని జోరు ఎక్కువ. బొమ్మను మనసులో పెట్టుకుని పెరట్లో ఏడు చుక్కల కోసమే వెతికితే, ఎదురుగా ఉన్న అలల గీతల పురుగు కళ్లబడకుండా పోతుంది.

వరి అక్షింతల పురుగు. శాస్త్రీయ నామం మైక్రాస్పిస్ డిస్కలర్. చుక్కలు లేని నారింజ ఎరుపు రెక్కలు, రెక్కలు కలిసే చోట సన్నని నల్ల గీత. కాలువ కింద వరి పొలాల్లోనూ, వాటి పక్కనున్న పెరళ్లలోనూ కనిపిస్తుంది. వరి రసం పీల్చే సుడిదోమ పిల్లలను, చిన్న పురుగులను, గుడ్లను తింటుంది. వరి పూత దశలో పుప్పొడి కోసం కంకుల మీదికి చేరుతుంది. కంకి మీద గుంపుగా ఎర్ర పురుగులు కనబడగానే గింజ పోతుందేమోనని రైతు కంగారుపడతాడు. అది గింజకు హాని చేయదు. దాన్ని చూసి మందు కొడితే సుడిదోమను తినే మిత్రుణ్ని మనమే చంపుకున్నట్టు.

ఎనిమిది మచ్చల అక్షింతల పురుగు. శాస్త్రీయ నామం హార్మోనియా ఆక్టోమాకులాటా. పసుపు నారింజ రెక్కల మీద అడ్డ వరసల్లో నల్ల మచ్చలుంటాయి. ఇదీ వరిలోనూ కూరగాయల్లోనూ తిరుగుతుంది.

మూడు చారల అక్షింతల పురుగు. శాస్త్రీయ నామం బ్రూమాయిడిస్ సుట్యురాలిస్. మూడు మిల్లీమీటర్ల చిన్న పురుగు. లేత పసుపు గోధుమ రంగు మీద మూడు నిలువు నల్ల చారలు. పత్తి, మందార, తుత్తురబెండ మీది పిండినల్లి దగ్గర వెతకాలి.

పసుపు అక్షింతల పురుగు. శాస్త్రీయ నామం ఇల్లియిస్ సింక్టా. నిమ్మపండు పసుపు రెక్కలు, తెల్లటి మెడ పలక మీద రెండు నల్ల చుక్కలు. గుమ్మడి, బీర, బెండ ఆకులకు బూడిద తెగులు సోకినప్పుడు తెల్లటి పొడి మీద చకచకా పరుగులు తీస్తూ కనిపిస్తుంది. ఇది తినేది ఆ శిలీంధ్రాన్నే. తెగులును మోసుకొచ్చింది ఇదేననుకోవడం పొరపాటు.

నల్ల అక్షింతల పురుగు. శాస్త్రీయ నామం కైలోకోరస్ నైగ్రిటా. చుక్కలు లేకుండా నిగనిగలాడే నల్లటి గుండ్రని పురుగు. కొబ్బరి, నిమ్మ, బత్తాయి వంటి చెట్ల మీది పొలుసు పురుగులను తింటుంది. 1930ల చివర కొబ్బరి పొలుసు పురుగుల నివారణ కోసం మన దేశం నుంచి సీషెల్స్ దీవులకు తీసుకెళ్లిన పురుగు ఇది.

చిట్టి జాతులు. స్టెథోరస్ జాతులు గసగసంత నల్ల చుక్కల్లా ఉండి ఎర్రనల్లిని తింటాయి. సిమ్నస్, నెఫస్ జాతులు రెండు మిల్లీమీటర్ల గోధుమ రంగు పురుగులు; వీటి పిల్లల ఒంటి నిండా తెల్లటి మైనపు పీచు ఉంటుంది. జామ, మందార కొమ్మల మీద ఆ పిల్లలను చూసి పిండినల్లే అనుకుంటారు. పిండినల్లి ఉన్నచోటే ఉండిపోతుంది, ఆ పిల్ల వడివడిగా నడుస్తుంది. పీచు కింద నడిచే కాళ్లుంటే దాన్ని వదిలేయాలి.

వంగ మీది పురుగు

శాస్త్రీయ నామం హీనోసెపిలాక్నా విజింటియాక్టోపంక్టాటా. ఇది కూడా ఈ కుటుంబానిదే, వ్యవసాయ కరపత్రాల్లో దీన్నీ అక్షింతల పురుగనే రాస్తారు. కానీ ఇది ఆకు తినేది. వంగ, టమాట, కాకర మొక్కల మీద ఉంటుంది. నూగుతో మసకబారిన గోధుమ ఎరుపు వీపు, మెరుపు ఉండదు. చిన్న చిన్న నల్ల చుక్కలు ఇరవై ఎనిమిది దాకా ఉంటాయి. కొన్నింటిలో అంతకన్నా తక్కువ. పిల్ల పసుపు రంగులో ఉండి ఒళ్లంతా కొమ్మలు వేసిన ముళ్లుంటాయి. అది నెమ్మదిగా కదులుతుంది.

దీన్ని ఆకే పట్టిస్తుంది. పిల్లా పెద్దా రెండూ ఆకు పచ్చదనాన్ని గీకి తింటాయి, ఈనెలను, పల్చటి పొరను వదిలేస్తాయి. తిన్నచోట సమాంతరంగా సాగే సన్నని గీతలతో జల్లెడ పట్టినట్టు కిటికీలు ఏర్పడతాయి. కొద్ది రోజులకు ఆ భాగం ఎండి గోధుమ రంగుకు తిరుగుతుంది. వంగ ఆకు ఇలా ఉండి, చుట్టుపక్కల పేనుబంక లేకపోతే అది ఈ పురుగే. పెరట్లో పదీ ఇరవై మొక్కలకు మందు అక్కర్లేదు. పొద్దున్నే ఆకు అడుగున చూసి గుడ్ల ముద్దలను, పిల్లలను, పెద్ద పురుగులను ఏరి సబ్బు నీళ్లలో వేస్తే సరిపోతుంది.

ఏరే ముందు ఒకటి చూసుకోవాలి. వంగకు పేనుబంక కూడా పడుతుంది, దాన్ని తినడానికి మంచి అక్షింతల పురుగులు కూడా అదే మొక్క మీదికి వస్తాయి. మెరిసే వీపు, ముళ్లు లేని నల్లటి చురుకైన పిల్ల ఉంటే మిత్రుడు. మసక వీపు, ముళ్ల పసుపు పిల్ల ఉంటే శత్రువు. ఈ రెండు ఆనవాళ్లు చాలు.

పోలిక వల్ల పొరబడే జీవులు

ఆరుద్ర పురుగు తొలకరి తర్వాత నేల మీద మఖమల్ ఎరుపులో కనిపిస్తుంది. అది కీటకం కాదు, నల్లి జాతి జీవి. ఎనిమిది కాళ్లుంటాయి, రెక్కలుండవు. గుమ్మడి పెంకు పురుగు నారింజ రంగులో ఉన్నా పొడవుగా ఉంటుంది, చుక్కలుండవు. అది గుమ్మడి, దోస, బీర లేత ఆకులకు గుండ్రని రంధ్రాలు చేస్తుంది. పత్తి కాయల మీది ఎర్రనల్లి (స్టెథోరస్ తినే ఎర్రనల్లి కాదు) పిల్లలు ఎర్రగా గుంపుగా తిరుగుతాయి, కానీ వాటి ముఖం కింద రసం పీల్చే సూది ముక్కు ఉంటుంది. చిలగడదుంప, తూటి తీగల మీద కనిపించే తాబేటి పెంకు పురుగుకు ఒంటి చుట్టూ పారదర్శకమైన అంచు ఉంటుంది.

ఎక్కడ, ఎప్పుడు, ఎలా చూడాలి

అన్నిటి కన్నా అనువైన కాలం కార్తీకం నుంచి మాఘం దాకా. అప్పుడు చిక్కుడుకు, జొన్నకు, బొబ్బరకు పేనుబంక ఎక్కువ. సంక్రాంతి రోజుల్లో చిక్కుడు పందిరి కింద నిలబడి లేత కొసలు చూస్తే నాలుగు దశలూ ఒకే తీగ మీద దొరికే అవకాశం ఉంటుంది. వానాకాలంలో పత్తి, పెసర చేలు మంచి చోట్లు. ఎండాకాలంలో జిల్లేడు, గన్నేరు మీద పసుపు పేనుబంక ఉన్నచోట వెతకాలి. ఎండ ముదిరే లోపు ఉదయమూ, సాయంత్రం చల్లబడ్డాకా పురుగులు ఆకు మీద బయటే ఉంటాయి.

వెతకవలసింది పురుగును కాదు, దాని తిండిని. ముడుచుకున్న లేత కొసలు, ఆకు మీద మెరిసే తేనె బంక, దాని మీద పట్టిన నల్లటి మసి, కొమ్మ వెంట బారులు తీరిన చీమలు, ఇవన్నీ పేనుబంక ఉన్న గుర్తులు. ఆకును తిప్పి అడుగు భాగం చూడాలి. కొమ్మ కింద తెల్ల తువ్వాలు పట్టి మెల్లగా దులిపితే చిన్న జాతులు రాలి, తెల్లటి గుడ్డ మీద స్పష్టంగా కనిపిస్తాయి. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం ఉంటే మెడ పలక, నూగు తేలిగ్గా తెలుస్తాయి.

ఫోన్‌తో తీసే ఫోటోలు కనీసం మూడు ఉండాలి: పైనుంచి రెక్కలు, ముందు నుంచి తల, మెడ పలక, ఇంకొకటి మొక్కతో పాటు. ఊరు, తేదీ, మొక్క పేరు, అది తింటున్నది రాసి పెట్టుకోవాలి. ఐనాచురలిస్ట్, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ వంటి వేదికల్లో వీటిని పెడితే తెలిసినవాళ్లు పేరు సరిచూస్తారు. యాప్ వెంటనే చూపే పేరు ఒక్కోసారి యూరప్, అమెరికా జాతులది కావచ్చు. మన ప్రాంతపు జాతుల పట్టికతో పోల్చి చూసుకోవాలి. చిట్టి జాతులను మాత్రం ఫోటోతో తేల్చడం కష్టం. శాస్త్రజ్ఞులు సూక్ష్మదర్శిని కింద శరీర భాగాలను విప్పి చూసి నిర్ధారిస్తారు.

ఆత్మరక్షణ, శత్రువులు

చేత్తో పట్టుకుంటే అక్షింతల పురుగు కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు పడి ఉంటుంది. కాళ్ల కీళ్ల నుంచి పసుపు రంగు చేదు ద్రవం కారుతుంది. అందులోని ఆల్కలాయిడ్ల వల్లే చాలా పిట్టలు దీన్ని ముట్టవు. ఎరుపు, నలుపు రంగుల కలయిక ఆ చేదుకు ముందస్తు హెచ్చరిక. మనుషులకు ఆ ద్రవం వల్ల ప్రమాదం లేదు, చేతులు కడుక్కుంటే చాలు.

దీనికీ శత్రువులున్నాయి. పేనుబంక విసర్జించే తేనె బంక కోసం చీమలు పేలకు కాపలా కాసి అక్షింతల పురుగులను తరిమేస్తాయి. పిల్లల్లో, కోశాల్లో గుడ్లు పెట్టే సన్నని కందిరీగ జాతి బదనికలూ ఉన్నాయి. ఖాళీ కోశాన్ని చూసి జరిగింది చెప్పవచ్చు. తల వైపు చీలి ఉంటే పురుగు క్షేమంగా వెళ్లింది. వీపు మీద సూది గుచ్చినట్టు గుండ్రని రంధ్రాలుంటే లోపలి పురుగును తిని బదనికలు బయటపడ్డాయి.

పురుగుమందుల ప్రభావం

పేనుబంక పిల్లలను నేరుగా కంటుంది, వారం పది రోజుల్లో ఆ పిల్లలూ తల్లులవుతాయి. అక్షింతల పురుగుకు అంత వేగం లేదు. రెంటినీ చంపే మందు కొట్టినప్పుడు ముందు కోలుకునేది పేనుబంకే, అదీ శత్రువు లేని మొక్క మీద. మందు కొట్టిన కొద్ది రోజులకే పురుగు రెట్టింపైందని రైతులు చెప్పే మాటకు ఒక కారణం ఇదే.

ఇది పెద్ద ఎత్తున అనుభవంలోకి వచ్చిన విషయమే. 1980ల నడుమ గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిలో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు విచ్చలవిడిగా వాడిన కాలంలోనే తెల్లదోమ విజృంభించి రైతుల ప్రాణాల మీదికి తెచ్చింది. వరిలో ఈ మందులు సుడిదోమను పెంచుతాయని, వాడవద్దని వ్యవసాయ శాఖ చెబుతూ వస్తోంది. ఇండొనేషియాలో సుడిదోమ ఇలాగే విరుచుకుపడితే, 1986లో ఆ ప్రభుత్వం వరిలో 57 పురుగుమందులను నిషేధించింది, ఆ తర్వాత రైతుల కోసం పొలం పాఠశాలలు మొదలుపెట్టింది. తెలుగు నేల మీద అదే పద్ధతి పొలంబడిగా వచ్చింది. అందులో రైతులు చేనులోకి దిగి మిత్ర పురుగులను, శత్రు పురుగులను లెక్కపెట్టి, ఆ లెక్క చూసి మందు విషయం తేల్చుకుంటారు. పాత ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామం 2000ల తొలి సంవత్సరాల్లో రసాయన పురుగుమందులు మానేసి పత్తి, మిరప పండించి దేశం దృష్టిని ఆకర్షించింది.

జీవ నియంత్రణలో స్థానం

పంట పురుగుల మీదికి వాటి సహజ శత్రువులను వదలడం అన్న పద్ధతికి ప్రపంచంలో తొలి ఘన విజయం అక్షింతల పురుగుదే. అమెరికాలోని కాలిఫోర్నియా నారింజ తోటలను దూది పొలుసు పురుగు ఎండగొడుతున్న రోజుల్లో, 1888లో ఆల్బర్ట్ కోబెల్ ఆస్ట్రేలియాకు వెళ్లి దాని శత్రువైన రొడోలియా కార్డినాలిస్ అనే అక్షింతల పురుగును సేకరించాడు. తొలి విడతల్లో చేరినవి 129 మాత్రమే. వాటి సంతతే రెండేళ్ల లోపు తోటలను నిలబెట్టింది.

మన దేశానికి 1898లోనే ఆస్ట్రేలియా నుంచి క్రిప్టోలీమస్ మాంట్రూజీరీ వచ్చింది. కాఫీ తోటల పచ్చ పొలుసు పురుగు కోసం తెచ్చారు కానీ, స్థిరపడ్డాక అది పేరు తెచ్చుకున్నది పిండినల్లి నివారణలో. నారింజ రంగు తల, మెడ పలక, నల్లటి రెక్కలు దీని గుర్తు. ద్రాక్ష, జామ తోటల్లో వదలడానికి ప్రయోగశాలల్లో గుమ్మడికాయల మీద పిండినల్లిని పెంచి, దాని మీద ఈ పురుగును పెంచుతారు.

ఎక్కడి పురుగునైనా ఎక్కడైనా వదలవచ్చని అనుకోకూడదు. ఆసియాకు చెందిన హార్మోనియా ఆక్సిరిడిస్‌ను పేనుబంక కోసం అమెరికా, యూరప్‌లకు తీసుకెళ్లారు. అది అదుపు తప్పి, 2004 నాటికి బ్రిటన్ చేరింది, అక్కడి సొంత జాతులను వెనక్కు నెట్టింది. పెరటి తోటకు కొని తెచ్చిన పురుగుల కన్నా, ఉన్న జాతులు నిలిచేలా చూసుకోవడమే మేలు.

అధ్యయనం, సంస్థలు

దక్షిణాసియా అక్షింతల పురుగుల గుర్తింపులో నేడు ప్రామాణికంగా తీసుకునే కృషి జె. పూరణిది. ఇప్పుడు జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థగా ఉన్న బెంగళూరు పరిశోధన సంస్థలో పనిచేస్తూ ఆమె 2002లో ఆకులు తినే శాఖను మినహాయించి భారత ఉపఖండపు జాతుల పట్టికను ప్రచురించారు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం, వరి పరిశోధన సంస్థ, జాతీయ మొక్కల ఆరోగ్య నిర్వహణ సంస్థ మిత్ర పురుగుల మీద పరిశోధన, శిక్షణ సాగిస్తున్నాయి. అనంతగిరి, కోదాడ రైతులకు దగ్గరగా గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం, మిర్యాలగూడ వైపు కంపాసాగర్ కేంద్రం ఉన్నాయి. గుర్తు తెలియని పురుగును చిన్న సీసాలో పెట్టి, అది ఉన్న ఆకుతో సహా అక్కడ చూపించవచ్చు.

పెరట్లో నిలుపుకోవడం

అక్షింతల పురుగు కావాలంటే దాని తిండిని కొంత ఉండనివ్వాలి. పందిరికి ఒక మూల చిక్కుడు కొస మీద కాస్త పేనుబంక ఉంటే కంగారు అక్కర్లేదు. మొక్క వాడిపోనంత కాలం వారం ఆగి చూడాలి. ఆగినన్నాళ్లూ రోజూ ఆకు తిప్పి గుడ్లున్నాయా, పిల్లలున్నాయా చూడాలి. అవి కనబడితే మందు జోలికి పోనక్కర్లేదు. పేనుబంక మరీ మితిమీరితే ఆ కొసలు తుంచేయడమో, నీళ్లు బలంగా చిమ్మడమో ముందు చేయాలి. వేప ద్రావణం రసాయన మందుల కన్నా మెత్తనిదే కానీ లేత పిల్లలకు అదీ హాని చేయగలదు. అందుకే తోటంతా కాకుండా తెగులున్న కొమ్మకే పరిమితం చేయాలి.

పెద్ద పురుగులు తేనె, పుప్పొడి కూడా తింటాయి. కొత్తిమీర, సోపు, ఆవ నాలుగు మొక్కలను పూతకు వదిలేస్తే ఎర దొరకని రోజుల్లో ఆధారమవుతాయి. పత్తి, మిరప చేల చుట్టూ జొన్న లేదా మొక్కజొన్న వరసలు, నడుమ బొబ్బర వేయమని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పేది ఇందుకే. ఆ పైర్ల మీది పేనుబంక సాధారణంగా అసలు పంటకు నష్టం చేయదు, దాని మీద పెరిగిన అక్షింతల పురుగులు మాత్రం అసలు పంటకు కాపలా వస్తాయి. చీమల బారును కొమ్మ మీదికి ఎక్కకుండా ఆపితే అక్షింతల పురుగుల పని మరింత సులువవుతుంది.

బడి పిల్లలకు ఇది మంచి పాఠం. ప్రయోగశాల అక్కర్లేదు. ఒక చిక్కుడు పాదు, ఒక భూతద్దం, ఒక నోటు పుస్తకం చాలు. గుడ్డు నుంచి పెద్ద పురుగు దాకా మూడు వారాల్లో కళ్లారా చూడవచ్చు. అలా చూసిన పిల్లవాడు రేపు రైతైతే, మందు డబ్బా మూత తీసే ముందు ఆకు తిప్పి చూస్తాడు.